గంజాము పల్లెలలో రూపాయి లెక్క

ప్రతి ఉగాదికిని మన సంఘమువారి పందిటిలో పంచాంగ శ్రవణము జరుగును. సిద్ధాంతిగారు రాశుల వరుసను ఆదాయవ్యయములు చదువుచుండగా, ఆదాయము 5, వ్యయము 11 వచ్చినవారు నవ్వుచు ప్రక్కవారివంక చూచుట పరిపాటి. ఆ రెండంకెలు విని యింటికి పోయినవారిలో, ఏడాది తిరిగిన పిమ్మట తమ అసలు ఆదాయమెంత, వ్యయమెంత అని సరిచూచుకొన్నవారు ఎందరుందురు? సంచిక సంపాదకులు మమ్ము ఈసారి చరిత్ర విషయమొకటి వ్రాయుడని కోరినారు. జమీందారులను గురించియు, దేవాలయములను గురించియు వ్రాయగల పెద్దలు మనలో పలువురున్నారు. మేము పార్సెలు ఆఫీసు గుమాస్తాలము. మాకు తెలిసినది రశీదు, తూకము, చిల్లర. కనుక ఈ జిల్లాలోని సామాన్యులు, అందును సముద్రపుటొడ్డున నున్న మన తెలుగువారు, తమ రూపాయిని లెక్కించుకొనుట ఏయే సాధనములతో నేర్చినారో, ఏయే సాధనములు వచ్చియు వారికేమియు నేర్పలేదో, ఆ సంగతిని మాకు తెలిసినంతమట్టుకు వ్రాయబూనినాము.

గంజాము జిల్లా 1936 ఏప్రిలు 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోనిదని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆనాటి పల్లెలో లెక్క రెండుచోట్ల నుండెడిది. షావుకారు ఖాతా ఒకటి, ఇంటి గోడ ఒకటి. ఖాతా షావుకారి పెట్టెలో నుండును. గోడమీద బొగ్గు గీతలు ఇంటి ఇల్లాలివి. పాలకు ఒక గీత, అప్పు తెచ్చిన బియ్యమునకు ఒక గీత. తగవు వచ్చినప్పుడు ఖాతాయే గెలుచునుగాని గోడ గెలువదు. అట్లని గోడ తప్పుచెప్పెడిదని కాదు, దానిని కచేరీకి మోసికొని పోలేరు, అంతే.

రంగూను డబ్బు వచ్చుటతో మూడవ లెక్క పుట్టినది. గోపాలపురము రేవున ఓడ యెక్కి బర్మాకు పోయినవారిలో తెలుగువారును, ఒడియావారును అనేకులు. మనియార్డరు పద్ధతి 1880లో తపాలా శాఖవారు పెట్టినారు. ఇప్పటివారు ఆ కాగితమును చూచి యుండకపోవచ్చును గనుక కొంచెము వివరించెదము. పంపినవానికి ఒక రశీదు దొరకును. పుచ్చుకొన్నవారికి కూపను దొరకును, అందులో నాలుగు మాటలు వ్రాసుకొనుటకు చోటు. పుచ్చుకొన్నట్లు చేవ్రాలుగాని వేలిముద్రగాని వేసిన ముక్క తిరిగి పంపినవానికి చేరును. అనగా రంగూనులో నున్న మగనికిని, పల్లెలో నున్న భార్యకును, ఒకే లెక్కకు రెండు ప్రతులు. షావుకారి ఖాతాకు లేని గుణమిదియే. అక్షరము రాని స్త్రీలు కూపనులను దారముతో గుచ్చి దూలమునకు వ్రేలాడగట్టుకొనెడివారని మా తాతగారు చెప్పెడివారు. నెలకొకటి. దండలో ఎన్ని కూపనులున్నవో లెక్కపెట్టినయెడల ఏ నెల తప్పినదో తెలిసిపోవును. ఈ ఉపాయమును వారికి ఏ ఉపాధ్యాయుడును చెప్పలేదు. 1942లో జపానువారు బర్మాను పట్టుకొనుటతో ఆ దండలు తెగినవి. నడిచి వచ్చినవారు కొందరు, రానివారు కొందరు.

1882లో తపాలా సేవింగ్సు బ్యాంకి వచ్చినది, 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. వీటితో పాసుబుక్కు పల్లెకు చేరినది. పాసుబుక్కును మేము గొప్ప యంత్రముగా భావింతుము. చక్రములు లేకపోవచ్చును, కాని బ్యాంకివాని లెక్క నకలు ఖాతాదారుని చేతిలోనే యుండవలెనను నియమము దానితో వచ్చినది. అయితే మన పల్లెలలో చాలమంది పాసుబుక్కు సంఘ కార్యదర్శి పెట్టెలోనే నిద్రించినది. కారణ మడిగినచో, “మీకు చదువురాదుగదా, పోగొట్టుకొందురు” అని జవాబు. నకలు అసలువద్దనే యున్న తరువాత దానిని నకలనుట ఎందులకు?

ఇచట వేలిముద్ర సంగతి ఒకటి చెప్పవలెను. 1858లో వంగదేశమున జంగీపూరులో విలియం హెర్షెల్ అను దొర, కంట్రాక్టు తీసుకొన్న వ్యాపారిచేత కాగితముపై అరచేతి ముద్ర వేయించినాడు. తరువాత “నేను వ్రాయలేదు” అని అతడు బొంకకుండుటకై. వేలిముద్ర పుట్టినది అందులకు. దొరకు వ్యాపారిపై నమ్మకము లేదు గనుక ముద్ర కావలసివచ్చినది. వ్యాపారికి దొరపై నమ్మకము లేకపోయినయెడల ఏమి చేయవలెనో ఎవరును ఆలోచించలేదు. ఇది మనసులో నుంచుకొనుడని పాఠకులను కోరుచున్నాము.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప దేశమందలి ప్రజలందరును ఒక్కసారిగా లెక్క మరల నేర్చుకొనవలసివచ్చిన రోజు 1957 ఏప్రిలు 1. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. మా తాతగారు అప్పుడు రైల్వేలో టిక్కెట్ల గుమాస్తా. పరివర్తన పట్టికను కిటికీవద్ద అంటించి కూర్చున్నారట. పావలా 25 నయాపైసలు, అది సులభము. అణాకు లెక్కప్రకారము ఆరుంబాతిక, కాని పాతిక నయాపైస అను నాణెము లేదు గనుక 6. బేడకు 12. మూడణాలకు 19. సంతలనుండి వచ్చు స్త్రీ యొకతె మా తాతగారి నడిగినదట: “రెండు బేడలు కలిపితే పావలా కదా బాబూ, మరి రెండు పన్నెండ్లు ఇరవై నాలుగేగదా, ఆ ఒక్క పైసా ఎవురు తిన్నారు?” ఆయన పట్టిక చూపినారు. ఆమె పట్టిక చూడలేదు, నాణెములను కిటికీ పలకపై వరుసగా పేర్చి చూపినది. “ఇరువదియేండ్లు నౌకరీ చేసి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినాను” అని మా తాతగారు పోవువరకు చెప్పుకొనెడివారు. నయా అను మాట 1964లో తొలగించబడినది. అప్పటికి సంతలో అందరును పైసలలోనే బేరమాడుచుండిరి.

ఆ స్త్రీకి అక్షరము రాదు, అంకె వచ్చును. సంతలో బ్రతుకువారికి నోట్ల రంగు, నాణెముల అంచు, అంకెల రూపము చక్కగా తెలియును. ఈ విషయమును నేటి ఇంజనీర్లు ఎంతో ఆలస్యముగా కనుగొన్నారు. 2003 ప్రాంతమున తపన్ పారిఖ్ అను యువకుడు, మరికొందరును, స్త్రీల పొదుపు సంఘముల లెక్కలకై కంప్యూటరు తెర తయారుచేయబూని పల్లెలలో కూర్చుండి చూచినారు. దానికి “హిసాబ్” అని పేరు. అక్షరములను గుర్తింపలేని స్త్రీలు అంకెలను గుర్తించుచున్నారని వారు తెలిసికొన్నారు. బెంగుళూరిలో ఇంద్రాణి మేధి అను పరిశోధకురాలు అక్షరములు లేని తెరలు తయారుచేసినప్పుడును ఇదే తేలినది. మాటలకు బదులు బొమ్మయు గొంతును పెట్టవలెను, అంకెను మాత్రము తీసివేయనక్కరలేదు అని. తరువాత 2005 ప్రాంతమున పారిఖ్ తమిళనాడులోని సంఘములలో కాగితపు పుస్తకమును తీసివేయక, దానిపై గుర్తులు ముద్రించి, ఫోను కెమెరాతో చూపినచో ఆ ఫోను ఏ గడిలో ఏ అంకె వేయవలెనో తమిళములో పలుకునట్లు చేసినాడు. మాకు ఇందులో నచ్చినది ఫోను కాదు. కాగితము సంఘమువద్దనే నిలిచియుండుట.

సంఘముల మాట వచ్చినది గనుక గంజామునకు తిరిగి వత్తము. ఇక్కడ యంత్రమేదియు లేకుండ వడ్డీ లెక్క నేర్పిన ఘనత ఒకటి గలదు. బరంపురమునకు సమీపమున మొహుదాలో 1979నుండి పనిచేయుచున్న గ్రామవికాస్ సంస్థవారు 1992లో ఐదు పల్లెలలో నీళ్లకొళాయి, స్నానపుగది, మరుగుదొడ్డి పథకము మొదలుపెట్టినారు. షరతు ఒక్కటే. ఊరిలో ప్రతి కుటుంబమును చేరవలెను, ఒక్క ఇల్లు తప్పినను పని మొదలుకాదు. ఇంటికి సగటున 1,000 రూపాయలు చొప్పున మూలధనము కూడబెట్టవలెను. కలవారు ఎక్కువ, లేనివారు తక్కువ ఈయవచ్చును. ఆ మొత్తమును బ్యాంకిలో స్థిరనిక్షేపముగా వేసి అసలు ముట్టకూడదు. వడ్డీతో, ఊరిలో కొత్తగా వేరుపడిన కాపురములకు దొడ్లు కట్టుటకు సాయముచేయవలెను. అసలు, వడ్డీ అను రెండుమాటలకు భేదము ఇంతకన్న తేటగా ఏ పలకమీద వ్రాసి చూపగలము? కొడుకు పెండ్లియై వేరుకాపురము పెట్టినప్పుడు దొడ్డికి డబ్బు ఎచటనుండి వచ్చినదో ఆ ఊరి వారందరికిని తెలియును.

అదే 1992లో నాబార్డువారు దేశమున 500 స్త్రీల సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయత్నమారంభించినారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటనుండి సారా వ్యతిరేకోద్యమము లేచిన కాలమును అదే. సారాకు పోవు రూపాయిని పొదుపునకు మరల్చుట అక్కడి స్త్రీలు తలపెట్టిన పని. ఒడిశాలో 2001 మార్చి 8న మిషన్ శక్తి వచ్చినది. ఆనాటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్‌గారి నియోజకవర్గము హింజిలి మన జిల్లాలోనిదే గనుక ఇక్కడ సంఘములు వేగముగా వృద్ధినొందినవి. ఋషికుల్యా మొగ దరిని గల గోఖరకుద, పొదంపేట వంటి బెస్తపల్లెలలో ఇంటిభాష తెలుగే. ఒడియావారు వీరిని నోళియాలందురు. అచటి స్త్రీలు ఎండుచేపల వ్యాపారమున షావుకారి ముందస్తు సొమ్ముకు కట్టుబడి, అతడు చెప్పిన ధరకే సరకు ఇచ్చుచుండెడివారు. సంఘములు గట్టి, తమ పొదుపును తామే అప్పుగా తీసికొని, సరకు కలిపి అమ్మ నేర్చినారు. ఆ సంఘముల సమాఖ్యకు “సముద్రం” అని పేరు. 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము దానికి వచ్చినది. సముద్రపు తాబేళ్ల సంరక్షణకును కలిపి వచ్చినదిలెండు. మన సంచికలలో ఈ సంగతి ఇదివరకెన్నడును రాలేదు. వ్రాయదగినదని మాకు తోచినది.

అట్టి సంఘ సమావేశమొకటి మేము చూచినాము. పదిమంది చాపమీద గుండ్రముగా కూర్చున్నారు. పెట్టె ఒకరియింట, తాళముచెవి వేరొకరియింట. ఒక్కొక్కరు డబ్బు ఈయగా అది పైకి లెక్కించబడును. ఎనిమిదో తరగతి చదివిన పిల్ల పుస్తకములో వేయును, వేసినది చదువును, అందరును విందురు. ఒకామె చెవి కొంచెము మందము, ఆమెకొరకు మరల చదువబడినది. మేము వేళ మించుచున్నదని గడియారము చూచినాము. వారెవ్వరును చూడలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు ఆ సంఘపు పుస్తకము తడిసి ముద్దయైనదట. నెల తరువాత పదిమందియు కూర్చుండి, ఎవరి పొదుపెంత, ఎవరి బాకీయెంత అని నోటిమాటగా చెప్పుకొని క్రొత్త పుస్తకము వ్రాసికొన్నారట. తగవు వచ్చినదా అని అడిగినాము. “ఒకరికి యాభై రూపాయలకాడ వచ్చింది బాబూ. ఆమె మాటే నిజమని తేలింది” అన్నారు. పదిమంది చెవులలో పది నకళ్లున్నవి మరి.

కాని సంఘమను పేరు పెట్టినంతమాత్రమున అన్నియు ఇట్లే యుండవు. మన ఆంధ్రదేశమున చిన్న అప్పుల కంపెనీలు వారము వారము వసూళ్లు చేయగా, బాధలు మితిమీరి 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. ఒక్కొక్క స్త్రీ నాలుగేసి కంపెనీలకు బాకీపడినది. ప్రతి కంపెనీయు కార్డు ఇచ్చినది. నాలుగు కార్డులను కూడిక వేసి “నీ బాకీ మొత్తమింత” అని ఆమెకు చూపిన పుస్తకము లేకపోయినది. ఆ పిమ్మట అప్పులవివరములు ఒకచోట చేర్చు సంస్థలు బలపడినవి. ఆ కూడిక ఇప్పుడు అప్పిచ్చువాని తెరమీద కనిపించును.

ఇక చదువు చెప్పుట యను మాట. అహమ్మదాబాదులో కొందరు పండితులు పట్టణపు పేదలకు డబ్బుసంగతులను వీడియోలతో బోధించి ఫలితములను పరీక్షించినారు. బ్యాంకు ఖాతా, భీమా వంటి వాటిపై ఎరుక పెరిగినదిగాని లెక్కచేయు శక్తి పెరుగలేదు. ఎవరికివారు ఒక గురి పెట్టుకొని, ఒక మనిషి ప్రక్కనుండి సలహా చెప్పినప్పుడు నడవడి మారినది. మాకిందులో ఆశ్చర్యము లేదు. స్టేషనులో గంటకొకసారి ప్రకటన వినువారందరును రైలెక్కుచున్నారా? ప్రక్కనున్నవాడు “ఇదే బండి, ఎక్కు” అన్నప్పుడు ఎక్కుదురు.

2006లో రిజర్వుబ్యాంకు అనుమతితో బ్యాంకి ప్రతినిధులు పల్లెలకు వచ్చినారు, 2010లో ఆధారు సంఖ్య వచ్చినది, 2014లో జనధన ఖాతాలు వచ్చినవి. ఇప్పుడు పల్లెలో చిన్న యంత్రమునకు వేలు చూపినచో డబ్బు వచ్చును. ముసలివారికి పదిమైళ్లు పోవు శ్రమ తప్పినది, అది సామాన్యమైన మేలు కాదు. కాని హెర్షెల్ దొర ముద్రకును దీనికిని మూలము ఒకటే. ఈమె ఈమెయే అని బ్యాంకికి తెలియును. బ్యాంకి ఏమి వ్రాసికొన్నదో ఈమెకు తెలియదు.

మాకు బాగుగా ఎరుకైన ఒక అప్ప యున్నది. చేపబుట్టలు పార్సెలు వేయుటకు మంచుతో, తవుడుతో మా కిటికీవద్దకు వచ్చునది. వయసు అరువది దాటినది. ఉప్పునీట, మంచుగడ్డలలో చేయిపెట్టి పెట్టి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయినవి. ఒకనాడు బుట్ట దించి, చెంగుమూటనుండి చిన్న ఫోను తీసి, “బాబూ, ఇందులో ఏటి రాసుందో సూడు. ఒకే అంకె రెండుమార్లు వచ్చినట్టుంది” అన్నది. చూచినాము. వెయ్యి రూపాయలు తీసినట్లు ఒక సందేశము, నాలుగు నిమిషముల తరువాత మరల వెయ్యి తీసినట్లు మరొకటి. రెండును ఇంగ్లీషులో. “ఎంత తీసినావప్పా?” అంటిమి. “వెయ్యే. వేలు పడనేదు, మళ్లీ పెట్టు అన్నాడు. పెట్టినాను.”

మేము ఆ సందేశముల వేళలను కాగితముపై వ్రాసి యిచ్చినాము. ఆ ప్రతినిధివద్దకు తాను ఒక్కతెయే పోయినది, మమ్ము రావలదన్నది. “యంత్రము తప్పు” అని అతడు మరునాడు వెయ్యి రూపాయలు తిరిగి యిచ్చినాడట. యంత్రము తప్పో, అతని తప్పో మేము చెప్పజాలము. అక్షరము రాని ఆమె ఆ పొరపాటును పట్టుకొన్నది అంకెల రూపము చూచి. మా తాతగారి కిటికీవద్ద బేడలు పేర్చిన స్త్రీ మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఈ కథ చెప్పి మేము సంతోషించుచుండగా ఆమెయే మరొక మాట చెప్పినది. వారి వీధిలో చాలమందికి ఈపాటి ఆధారమును లేదు. ఖాతా తెరచిననాడు ఇంటిలో ఫోను లేక, కొడుకు నంబరు ఇచ్చినారు. కొడుకులు సూరత్తులో మరమగ్గముల పనిలో నున్నారు. గంజాము యువకులు సూరత్తు పోవుట మన స్టేషనులో నిలుచున్నవారికెల్ల తెలిసినదే. పూర్వము అక్కడి డబ్బును టప్పావాలాలు చేతిపుస్తకములో వ్రాసికొని ఇల్లిల్లు తిరిగి పంచెడివారు. ఇప్పుడు ఫోనుమీదనే వచ్చుచున్నది. తల్లి ఇక్కడ వేలుపెట్టగా సందేశము సూరత్తులో మ్రోగును. మగ్గముల చప్పుడులో వాడు దానిని చూచునో లేదో. చూచినను, అమ్మ వెయ్యి తీసినదా, రెండువేలు తీసినదా అని వానికెట్లు తెలియును? రంగూను నాటి మనియార్డరులో నకలు పల్లెలో నుండెడిది. ఇప్పుడు పల్లెలో తీసిన డబ్బుకు నకలు సూరత్తున నున్నది.

2024లో క్రొత్త ప్రభుత్వమువారు సుభద్ర పథకము పెట్టి, 21నుండి 60 ఏండ్ల స్త్రీలకు ఏటా 10,000 రూపాయలు రెండు విడతలుగా ఖాతాలలో వేయుటకు నిర్ణయించినారు. డిజిటల్ చెల్లింపులు ఎక్కువగా చేసినవారికి పంచాయతీకి నూరుగురి చొప్పున 500 రూపాయల ప్రోత్సాహమును చెప్పినారు. వాడుటకు బహుమానమున్నది. సరిచూచుకొన్నవారికి కూడ ఒకటి పెట్టియుండిన బాగుండెడిది. బరంపురము బడాబజారులో ఇప్పుడు చేపలమ్మువారి తట్టప్రక్కన మాటలాడు పెట్టె యుండును. డబ్బు చేరగానే మొత్తమెంతయో ఒడియాలో పైకి పలుకును. అమ్మినామె వినును, కొన్నవాడు వినును, ప్రక్కతట్టవారును విందురు. చాపమీది సంఘములో పుస్తకము పైకి చదివినట్లే. వేలు పెట్టు యంత్రమునకు ఇటువంటి గొంతును, ఒడియాలోను తెలుగులోను, ఎందుకు పెట్టగూడదో మాకు అర్థము కాలేదు. ఆ యంత్రమును చేసినవారు చేపల బజారునకు రారు కాబోలు.

గత శ్రావణమునుండి మేమును, ఇరువురు మిత్రులును ఆదివారము సాయంకాలము మన సంఘపు వరండాలో కూర్చుండుచున్నాము. ఎవరైనను పాసుబుక్కుగాని, ఫోనుగాని, చీటీగాని తెచ్చినచో చదివి చెప్పుదుము. ఒక్కొక్క వారము నలుగురు వత్తురు, ఒక్కొక్క వారము ఎవ్వరును రారు, మేము పేకాడి పోదుము. మొన్న ఆ అప్ప తన వీధివారిని ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చినది. వారివద్ద ఫోనులు లేవు. ఒక్కొక్కరు ఒక పలకముక్క తెచ్చినారు, దానిపై సుద్దగీతలు. ఎప్పుడు వేలు పెట్టినను ఇంటికి రాగానే నూటికి ఒక గీత చొప్పున గీయుమని అప్ప చెప్పినదట. వేలు పడలేదన్నప్పుడు ప్రక్కగా ఒక సున్న చుట్టుమన్నదట. మేము పాసుబుక్కు అచ్చువేయించి తెచ్చిన పుటలను పలకప్రక్కన పెట్టి గీతలు లెక్కించినాము. ఒకామెకు సరిపోయినది. రెండవామెకు మార్చి నెలలో ఒక సున్న యున్నది, పుస్తకములో ఆ తేదీకి 500 రూపాయలున్నవి. వచ్చే సోమవారము సెలవుపెట్టి ఆమెతో బ్యాంకికి పోవలసియున్నది.